సిరిసిల్ల పేజీలో వేసిన ప్రకటన

ఇరవై ఏడో నంబరు మంజులకు వచ్చింది.

కోరుట్లలోని ఫంక్షన్ హాలులో ఒక బల్ల మీద స్టీలు బిందె పెట్టారు. బిందెలో నలభై ఒక్క చీటీలు. విలేకరుల ఇళ్ల స్థలాల సంఘం అధ్యక్షుడు భాస్కర్ పక్కన నిలబడి పేర్లు పిలిచాడు. ఒక్కొక్కరే వచ్చి చీటీ తీశారు. మద్దులకుంట ఊరి బయట, కొత్త బైపాస్‌ను ఆనుకొని, సర్కారు ఇచ్చిన స్థలం, తలా వంద గజాలు. మంజుల చీటీ చూసి భాస్కర్ చప్పట్లు కొట్టాడు.

"మూల ప్లాటు చెల్లె. రెండు దిక్కుల తొవ్వ. నసీబంటే నీది!"

మంజుల కోరుట్లలో పదకొండేళ్లుగా విలేకరి. పుట్టింది రాయికల్‌లో. తండ్రి ఆగయ్య జీవితమంతా పరాయి పొలాల్లో పనిచేశాడు. తాత కూడా అంతే. ఆ ఇంటిపేరు మీద ఒక్క గుంట భూమి ఏ కాగితంలోనూ లేదు. తల్లి కొమురవ్వ బీడీలు చేస్తుంది. తండ్రి పోయాక తల్లీకూతుళ్లు కోరుట్లకు వచ్చి తొమ్మిది ఇళ్లు మారారు. ఇంటి యజమాని మొదటి నెల ఏమీ అనడు. రెండో నెల తంబాకు వాసన అంటాడు. మూడో నెల మా చుట్టాలు వస్తున్నారు, ఖాళీ చెయ్యమంటాడు.

ఆ సాయంత్రం మంజుల భర్త రాకేశ్ మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ పైపులు వెల్డింగ్ చేస్తాడు.

"జాగ ఫోటో పెట్టు. రూంల గోడకు అతికిస్త."

"ముళ్లకంపనే ఉన్నది ఆడ."

"ముళ్లకంపనే పెట్టు. మన ముళ్లకంప గదా."

కొమురవ్వ బీడీల చాట ఒడిలో పెట్టుకొని ఇదంతా విన్నది. "మొఖం ఏ దిక్కు?" అని అడిగింది.

"తూర్పున్నది, ఉత్తరమున్నది."

"తూర్పుకు దర్వాజ పెడుదాం. పొద్దుగాల ఎండ పడితే బీడీలు మంచిగ ఆరుతయి. ఇగ ఎవడు వాసన అంటడో చూస్త."

ఆదివారం తల్లీకూతుళ్లు కొడవలి పట్టుకొని స్కూటీ మీద మద్దులకుంట పోయారు. సర్కారు తుమ్మ నడుము దాకా పెరిగింది. మధ్యలో కొత్తగా పాతిన సిమెంటు దిమ్మెల మీద నీలం రంగు నంబర్లు. మంజుల ఇరవై ఏడును వెతికి పట్టుకుంది. కొమురవ్వ కొంగు నడుముకు దోపి కంప కొట్టడం మొదలుపెట్టింది. నాలుగు మొదళ్లు కొట్టాక కొడవలి ఖంగుమంది. కంప కింద ఒక నల్లరాయి. దాని మీద ఎరుపు రంగు, సగం పోయింది. పందొమ్మిది అని చదవవచ్చు.

"ఎవలమ్మా? రాయి ముట్టకుండ్రి! గది నాది!"

మేకలను తోలుకుంటూ ఒక ఆమె వస్తున్నది. దగ్గరికి వచ్చి కొమురవ్వ ముఖంలోకి చూసి ఆగిపోయింది.

"కొమురవ్వక్కా? నువ్వేనాయే! ఎంత ముసలిగైనవే!"

"నువ్వు పడుచుపిల్లవా మరి, గౌరవ్వా? నీకు పండ్లు ఎన్ని ఉన్నయో చూపియ్యి."

ఇద్దరూ రాయికల్ బీడీ కార్ఖానాకు కలిసి పోయినవాళ్లు. తర్వాత గౌరవ్వ మద్దులకుంటలో కోడలయింది. కాసేపు ఎవరు బతికి ఉన్నారో, ఎవరు పోయారో మాట్లాడుకున్నారు. అప్పుడు కొమురవ్వ చెప్పింది.

"మా బిడ్డకు అచ్చింది గీ జాగ. పేపర్లోళ్లకు ఇచ్చిండ్రు."

గౌరవ్వ నవ్వింది. పరాచికమనుకుంది. ఎదుటివాళ్లు నవ్వకపోయేసరికి మేకలను అక్కడే విడిచి ఇంటికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. కవరులో బీడీ కార్ఖానా పుస్తకం. పుస్తకం మధ్యలో మడత పెట్టిన పట్టా. పద్దెనిమిదేళ్ల నాటిది. ఫోటో, ముద్ర, సంతకం ఉన్నాయి. బీడీ కార్మికురాలు గౌరవ్వకు డెబ్బై అయిదు గజాలు, నంబరు పందొమ్మిది.

"నేనొక్కదాన్నే గాదు బిడ్డా, అరవై రెండు మందికి ఇచ్చిండ్రు. అప్పుడు తొవ్వ లేకుండె, నీళ్లు లేకుండె. ఇటుకలు నెత్తిమీద మోసుకొస్తమా? బైపాస్ వడ్డంక కట్టుకుందామనుకున్నం."

"పట్టా రద్దు చేసినమని నోటీసు ఏమన్న అచ్చిందా పెద్దమ్మా?" అని మంజుల అడిగింది.

"కరెంటు బిల్లు తప్ప నా ఇంటికి ఏ కాయిదం రాలే."

తిరుగు ప్రయాణంలో కొమురవ్వ కొడవలి ఒడిలో పెట్టుకొని కూర్చుంది. కోరుట్ల దగ్గరికి వచ్చాక వెనక నుంచి అన్నది: "గౌరవ్వకు వేరే కాడ ఇస్తరేమో అడుగు."

"అడుగుత," అంది మంజుల.

సోమవారం ఆమె తహసీల్దారు ఆఫీసుకు పోయి ఫైలు అడిగింది. గుమస్తా ఇబ్బంది పడకుండానే చూపించాడు. గడువులో ఇళ్లు కట్టుకోలేదు కాబట్టి పట్టాలు రద్దు. రద్దుకు ముందు అభ్యంతరాలు కోరుతూ పత్రికలో నోటీసు ఇచ్చారు. అభ్యంతరాలు రాలేదు. పత్రిక ముక్క ఫైలులో అంటించి ఉంది. అంతా పద్ధతి ప్రకారమే ఉందన్నాడు.

అది మంజుల పనిచేసే పత్రికే. పోయిన ఆగస్టు పద్నాలుగు. అరవై రెండు పేర్లు, కామాల మధ్య ఊపిరాడకుండా, చీమల్లా. పైన పేజీ పేరు: రాజన్న సిరిసిల్ల.

కోరుట్ల, మద్దులకుంట ఉన్న జగిత్యాల జిల్లాకు ఆ పేజీ రాదు. ఆ రోజు దాన్ని సిరిసిల్లలో, ఎల్లంతకుంటలో చదివి ఉంటారు. వాళ్లకు ఈ ఆడవాళ్లెవరో తెలియదు. మద్దులకుంటలో ఈ ఆడవాళ్లెవరో అందరికీ తెలుసు. అక్కడికి ఆ పేజీ పోలేదు.

మంజుల ఆ ముక్కను చాలాసేపు చూసింది. రెండు కాలమ్‌లు, పద్నాలుగు సెంటీమీటర్లు. ఆ కొలత ఆమెకు గుర్తుంది. ప్రకటన ఫారంలో రాసింది ఆమే.

జిల్లాల్లో విలేకరికి పనులు రెండు. వార్త రాయాలి, ప్రకటన తేవాలి. పంద్రాగస్టుకు ఇంత, కొత్త సంవత్సరానికి ఇంత అని పైనుంచి చెబుతారు. పొద్దున ఎవరి మీద రాశామో సాయంత్రం వాళ్ల గడప ఎక్కాలి. పోయిన ఆగస్టులో మంజులకు అనుకున్నన్ని ప్రకటనలు దొరకలేదు. అప్పుడు భాస్కర్ ఒక కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "గీ ఆఫీసు ప్రకటన మా చిన్న పేపర్ల ఏస్తే నడవదట. మీ దాంట్ల వెయ్యి, నీ టార్గెట్ అయిపోతది. సిరిసిల్ల పేజీకి బుక్ చెయ్యి, రేటు తక్కువ," అన్నాడు. ఆమె కొలత వేసి, ఫారం నింపి, కింద సంతకం పెట్టి పంపింది. పదకొండేళ్లలో వార్తలో ఒక్క పేరు తప్పు పోనివ్వలేదని ఆమెకు పేరుంది. ఆ రోజు అరవై రెండు పేర్లు చదవకుండా పంపింది. ప్రకటన కదా.

ఆ రాత్రి మస్కట్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది. విన్నాక రాకేశ్ అన్నాడు:

"మన పేరు తీసేయించు. సరిపాయె. వార్త ఎందుకు? మనమైతే తప్పు చేస్తలేం గదా ఇగ."

"నా పేరు తీస్తే ఆ జాగ ఇంకో విలేకరికి పోతది. గౌరవ్వకు రాదు."

"ఫోటో గోడకు పెట్టిన మంజులా. డ్యూటీకి పోయేటప్పుడు రోజు చూస్తున్న."

"తెలుసు."

"సరే," అన్నాడు. "నీ పని నీకెరుక. చెయ్యి."

కొమురవ్వతో అంత తేలిగ్గా కాలేదు. ఆమె కత్తెరతో ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండా విన్నది.

"తొమ్మిది ఇండ్లు తిరిగినం. పదోది మనది అనుకున్న. నీ నోట్ల నువ్వే మన్ను పోసుకుంటున్నవ్."

"నోటీసు తెచ్చింది నేనే అవ్వా."

"ఎరుకై తెచ్చినవా?"

"సదవకుండ తెచ్చిన."

కత్తెర ఆగింది. "మరి నిన్ను సదివిచ్చింది ఎందుకే?"

ఆ తర్వాత కొమురవ్వ అయిదు రోజులు కూతురితో మాట్లాడలేదు. అన్నం పళ్లెం ముందు పెట్టి పోయేది.

మంగళవారం మంజుల జగిత్యాల బస్సెక్కింది. జిల్లా బ్యూరో ఇన్‌చార్జి జలపతి ముందు ఒక కాగితం పెట్టింది. అందులో మూడు వాక్యాలున్నాయి. మద్దులకుంట స్థలాల జాబితాలో నా పేరు ఉంది, దాన్ని రాతపూర్వకంగా వదులుకున్నాను. పట్టాల రద్దు నోటీసును ప్రకటనగా తెచ్చింది నేను, చదవకుండా పంపాను, దాని మీద కమీషన్ తీసుకున్నాను. సంఘం అధ్యక్షుడు భాస్కర్ నాకు ఈ వృత్తి నేర్పిన మనిషి.

జలపతి రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

"బీపీ గోలి ఏసుకునే టైముల తెచ్చినవ్ గిది. సరే, పేరు వాపస్ తీసుకున్నవ్ గదా. ఇగ నువ్వే రాయి. ఆ ఊరు నీకంటే ఎవలకు తెలుసు?"

"నేను రాస్తే అది నా ప్లాటు ముచ్చటైతది సార్. ఆ ఆడోళ్ల ముచ్చట కాదు."

"మరి జగిత్యాల నుంచి ఎవలనన్న పంపాల్నా?"

"జగిత్యాల విలేకర్ల పేర్లు ఇంకో విడత ప్లాట్లిచ్చే రెండో జాబితాల ఉన్నయట. మీది గూడ ఉన్నది."

జలపతి కుర్చీలో వెనక్కి వాలాడు. "నీకెవలు చెప్పిండ్రు?"

"భాస్కరన్న."

"నాకొక్కనికే చెప్పిండనుకున్న. ఊరంత చాటిండన్నట్టు."

"సిరిసిల్ల సౌమ్యను పిలువుండ్రి సార్. ఆమె ఏ జాబితాల లేదు. ఆమె రాసింది సక్కగ కరీంనగర్ డెస్కుకు పోవాలె. నా కాడికి రావద్దు, మీ కాడికి రావద్దు. ఇంకోటి. గీ మూడు వాక్యాలు వార్త పక్కన బాక్సు కట్టి ఏయాలె."

"నడి బజార్ల బట్టలిప్పుకొని నిలవడుమంటున్నవ్."

"మనం చెప్తే అది ఒక ముచ్చట సార్. వేరేటోళ్లు బయటపెడితే వార్త మొత్తం అబద్ధమైతది. అరవై రెండు మంది మళ్ల మునుగుతరు."

జలపతి లేచి కిటికీ దాకా పోయి వచ్చాడు. జగిత్యాలలో అతనికి ఇల్లుంది. బుగ్గారంలో మూడెకరాల పొలముంది. పెన్ను తీసి ఆ కాగితం కింద నాలుగో వాక్యం తానే రాశాడు: రెండో జాబితాలో జగిత్యాల బ్యూరో ఇన్‌చార్జి పేరు ఉండేది, ఆయనా వదులుకున్నారు. సంతకం పెట్టి కరీంనగర్‌కు ఫోన్ కలిపాడు. అవతల నుంచి అరుపులు మంజులకు వినిపించాయి. జలపతి ప్రతిసారీ ఒకటే మాట అన్నాడు: "గట్లనే వెయ్యాలె సార్."

సౌమ్య బుధవారం వచ్చింది. ఆమె తండ్రి సిరిసిల్లలో మగ్గాల మీద పనిచేస్తాడు. ఆమె పత్రికలో చేరి నాలుగేళ్లు. కోరుట్ల బస్టాండు క్యాంటీన్‌లో మంజుల ఎదురుగా కూర్చొని ఫోన్‌లో రికార్డు నొక్కింది.

"ప్రకటన మీద కమీషన్ తీసుకున్నవా అక్కా?"

"తీసుకున్న."

"సదవలేదంటున్నవ్. పదకొండేండ్ల నౌకరి. నమ్ముమంటవా?"

మంజుల చెవులు వేడెక్కాయి. ఇట్లాంటి ప్రశ్నలు ఆమె వందల మందిని అడిగింది. ఆమెను అడిగినవాళ్లు లేరు.

"నమ్ముమని అనను. సదవలేదని చెప్పింది అని రాయి."

"సిరిసిల్ల పేజీకి ఎందుకు అని అప్పుడు అనుమానం రాలేదా?"

"అచ్చింది. అడగలే. టార్గెట్ అయిపోతున్నదని ఊకున్న."

సౌమ్య రాసుకుంది. తర్వాత రెండు రోజులు మద్దులకుంటలో ఇల్లిల్లూ తిరిగింది. అరవై రెండు మందిలో నలుగురు చనిపోయారు. మిగతా యాభై ఎనిమిది మందినీ కలిసింది. పట్టాలకు ఫోటోలు తీసింది. భాస్కర్‌కు మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. బస్సెక్కే ముందు మంజుల ఆమెను అడిగింది:

"రాసినంక ఒక్కసారి నాకు చూపియ్యి. పేర్లు తప్పు పోతయేమో."

"పేర్లు పట్టాలు చూసి రాసుకున్న అక్కా. నీకైతే చూపియ్య."

"నాకా?"

"ఎవల ముచ్చట రాస్తున్నమో వాళ్లకు ముందు చూపియ్యద్దని కరీంనగర్ మీటింగుల మైకు పట్టుకొని చెప్పింది నువ్వే. నేను మొదటి వరుసల కూసున్న."

మంజుల నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటిసారి.

శనివారం సాయంత్రం భాస్కర్ ఇంటికి వచ్చాడు. కొమురవ్వ చాప వేసింది. అతను మంజులనే చూస్తూ కూర్చున్నాడు.

"నీకు మొదటి వార్త రాసుడు నేర్పింది ఎవలు చెల్లె?"

"నువ్వే అన్న."

అది నిజం. పదకొండేళ్ల కింద బీడీలు చేసే ఆమె బిడ్డ విలేకరి అవుతానంటే నవ్వినవాళ్లే ఎక్కువ. భాస్కర్ నవ్వలేదు. తన బల్లలో సగం ఇచ్చాడు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని మూడు వేళ్లు మడిచి చూపించాడు.

"గది గుర్తుంటే గీ పని చెయ్యవు. నలభై మంది పిల్లల నోటికాడి బుక్క గుంజుతున్నవ్."

"నోటికాడిది వాళ్లది గాదు అన్న."

భాస్కర్ జేబులోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి మడత విప్పాడు. ప్రకటన ఫారం. కింద మంజుల సంతకం.

"రేపు వార్త అచ్చిందనుకో, పదకొండు గంటలకు ప్రెస్ మీట్ పెడుత. గిది అందరికి పంచుత. నీ నౌకరి ఉంటదా?"

"గా కాయిదం సౌమ్యకు ఇయ్యి అన్న. నీ వివరణ గూడ ఆమెకే చెప్పు. నాకు చెప్తే వార్తల రాదు."

అతను దాన్ని వెటకారం అనుకొని లేచాడు. అప్పుడు కొమురవ్వ గ్లాసు ముందుకు జరిపింది.

"ఛాయ్ తాగి పో భాస్కరా. బెదిరిచ్చుడు వేరే, ఛాయ్ వేరే."

భాస్కర్ నిలబడే రెండు గుక్కలు తాగి పోయాడు. బండి చప్పుడు దూరమయ్యాక కొమురవ్వ అయిదు రోజుల మౌనం విడిచింది.

"గా సంతకం ముచ్చట నువ్వు ముందే చెప్పినవా?"

"చెప్పిన. రేపు పేపర్ల వస్తది."

"ప్లాటు ముచ్చట?"

"గది గూడ వస్తది."

"ఇగ వాని జేబుల ఏమున్నట్టు?"

"ఏం లేదు."

కొమురవ్వ బీడీకి దారం చుట్టి పంటితో తెంపింది. "అయితే పండుకో."

ఆదివారం పత్రికలో వార్త వచ్చింది. 'పట్టాలు మద్దులకుంటలో, నోటీసు సిరిసిల్లలో' అని శీర్షిక. సౌమ్య పేరు. అరవై రెండు పేర్లూ అచ్చు వేశారు, ఈసారి చదవగలిగే అక్షరాల్లో. పక్కన బాక్సులో నాలుగు వాక్యాలు, కింద కోరుట్ల విలేకరి మంజుల అని పేరు. డెస్కు వాళ్లు ఒక్క అక్షరం మార్చలేదు.

పదకొండు గంటలకు అదే ఫంక్షన్ హాలు. ముప్పై మంది విలేకరులు వచ్చారు. మంజుల నోటుబుక్కు లేకుండా చివరి వరుసలో కూర్చుంది. భాస్కర్ జిరాక్సులు పంచి మైకు తీసుకున్నాడు.

"గీ వార్త వెనుక ఉన్న మంజుల ఎవలు? లిస్టుల ఇరవై ఏడో నంబరు! నోటీసు ప్రకటన తెచ్చింది ఎవలు? గామెనే! సంతకం చూడుండ్రి! కమీషన్ గూడ తిన్నది! గిసువంటోళ్లా మనకు నీతులు చెప్పేది?"

హాలులో గుసగుస లేచింది. ముందు వరుసలో టీవీ విలేకరి మధు చెయ్యెత్తాడు.

"అన్నా, గిదంత పొద్దుగాల పేపర్ల అచ్చింది గదా."

"ఏం అచ్చింది?"

మధు పత్రిక మడత విప్పి లేచి నిలబడ్డాడు. బాక్సు చదివాడు. జాబితాలో పేరు. ప్రకటన. చదవకుండా పంపడం. కమీషన్. వృత్తి నేర్పిన మనిషి. రెండో జాబితా. నాలుగు వాక్యాలకు అర నిమిషం పట్టింది. భాస్కర్ పొద్దున ఇంట్లో తన పేరు వచ్చిన పేరా దాకా చదివి పత్రికను విసిరికొట్టాడు. బాక్సు దాకా పోలేదు.

"ఇంకేమన్న కొత్తది ఉన్నదా అన్నా? మా చానల్‌కు బైట్ పంపాలె," అన్నాడు మధు.

వెనక ఎవరో నవ్వారు. నవ్వు ముందు వరుస దాకా వచ్చింది. మధు నవ్వలేదు.

"ఒక్క ప్రశ్న అన్నా. నోటీసు సిరిసిల్ల పేజీకి బుక్ చెయ్యమని ఆమెకు చెప్పింది ఎవలు?"

భాస్కర్ మైకు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చాడు. "గది సంఘం లోపలి విషయం," అన్నాడు. ఆ ప్రశ్నను ఇంకో ఇద్దరు అడిగారు. ప్రెస్ మీట్ పన్నెండు నిమిషాల్లో ముగిసింది. ఎవరూ చెప్పకుండానే అందరి కెమెరాలూ ఆ జవాబు దగ్గరే ఆగాయి.

బయట మెట్ల మీద మధు మంజులను ఆపాడు.

"అక్కా, పేరు వాపస్ తీసుకునే కాయిదం ఎట్ల రాయాలె? నాది పదకొండో నంబరు."

"ఒక్క వాక్యం చాలు. తారీకు ఎయ్యి."

అతను అక్కడే బండి సీటు మీద పెట్టి రాశాడు. సాయంత్రానికి తొమ్మిది కాగితాలయ్యాయి. బుధవారానికి ముప్పై నాలుగు. ఆ కాగితాల ఫోటోలను ఎవరికి వాళ్లే తమ పత్రికల్లో వేసుకున్నారు. కలెక్టర్ వేసిన విచారణ మూడు వారాలకు ముగిసింది. కేటాయింపు రద్దయింది. పట్టాలు చెల్లుతాయని ఉత్తర్వు వచ్చింది. కొత్త నోటీసు జగిత్యాల పేజీలో పడింది. ఆటోకు మైకు కట్టి మద్దులకుంటలో రెండు పూటలా చదివారు. ఆ ప్రకటన మంజుల తేలేదు. వార్త రాసేవాళ్లు ఇకపై ఆఫీసుల నోటీసులు తేవద్దని జలపతి కరీంనగర్‌తో కొట్లాడి జగిత్యాల జిల్లా వరకు రాయించుకున్నాడు.

ఏప్రిల్‌లో ఒక సోమవారం స్థలాలు కొలిచి అప్పగించారు. సిమెంటు దిమ్మెలు పీకేశారు. కంప కొట్టేశారు. నల్లరాళ్లు అరవై రెండూ బయటపడ్డాయి. కొమురవ్వ సున్నం డబ్బా పట్టుకొని వచ్చింది. మంజుల ఉత్త చేతులతో వచ్చింది.

"నువ్వు రాసుకోవా?" అంది కొమురవ్వ.

"రాయద్దు. సౌమ్య రాస్తది."

"మరి ఊకెనే ఎందుకచ్చినవ్?"

"విందామని."

సర్వేయరు బల్ల మీదకెక్కి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పిలిచిన ప్రతి పేరుకూ ఒక గొంతు "ఉన్న!" అన్నది. ఆమె పోయి తన రాయి మీద నిలబడింది. పోయినవాళ్ల పేర్లకు కొడుకులో, కోడళ్లో బదులిచ్చారు. "మా అత్త పేరది. నేనున్న సార్!" పది పేర్లు దాటాక ఆడవాళ్లు ప్రతి పేరుకూ చప్పట్లు కొట్టసాగారు. ముప్పై దాటాక కేకలు మొదలయ్యాయి. సర్వేయరు ఆగి, "అమ్మా, నన్ను సదవనియ్యిండ్రి!" అన్నాడు. "పద్దెనిమిదేండ్లు ఆగినం, నువ్వు జరసేపు ఆగలేవా?" అని ఎవరో అన్నారు. మంజుల ఎండలో నిలబడి అరవై రెండు పేర్లూ చివరిదాకా విన్నది. ఒక్కటి కూడా విడవలేదు.

పందొమ్మిదో రాయి మీద గౌరవ్వ రెండు కాళ్లూ పెట్టి నిలబడింది. మేకలు లేవు. కొత్త చీర. కొమురవ్వ రాయి నుంచి రాయికి సున్నం గీత పోసింది. వంకర పోయింది.

"సక్కగ పొయ్యవే అక్కా, ఇల్లు వంకరొస్తది!"

"నీ నడుము కంటే సక్కగనే ఉన్నది తియ్యి."

గీత పూర్తయ్యాక గౌరవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు గూడ బీడీలు చేస్తవ్ గదా. బీడీ కార్మికుల అప్లికేషను నువ్వెందుకు పెట్టవు?"

కొమురవ్వ కూతురి వైపు తిరిగింది. మంజుల తల అడ్డంగా ఊపింది.

"నేను ఆఫీసుకు రాను అవ్వా. ఫోన్ గూడ చెయ్య. నువ్వే పోయి లైన్ల నిలవడాలె."

"తొమ్మిది ఇండ్లు మారినదాన్ని, లైన్ల నిలవడలేనా?" అంది కొమురవ్వ. "నువ్వు రాకు. నాకు పట్టా అచ్చిననాడు సౌమ్యను పిలువు."

మంజుల ఫోన్ తీసి ఒక ఫోటో తీసింది. రాయి మీద గౌరవ్వ, పక్కన సున్నం చేతులతో కొమురవ్వ, వెనక కొలత గొలుసు. మస్కట్‌కు పంపింది. మధ్యాహ్నం రాకేశ్ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక రూంలో వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"పాత ఫోటో తీసేసి గిది పెట్టిన. ఎవల జాగరా అని అందరు అడుగుతున్నరు. గౌరవ్వది అని చెప్పిన. పందొమ్మిదో నంబరు."